నాంపల్లి నుండి అబిడ్స్ వరకు: తీపికి ఒక కొలత

మాది ఖమ్మం. హైదరాబాదుకు ఎన్నిసార్లు వచ్చినా మేము రైలు దిగేది నాంపల్లి స్టేషన్‌లోనే, తిరుగు ప్రయాణానికి ఎక్కేదీ అక్కడే. దిగడానికీ ఎక్కడానికీ నడుమ మా అమ్మీ తప్పకుండా చేసే పని ఒకటుండేది. మొజంజాహీ మార్కెట్ వరకు నడిచి వెళ్లి జౌజీ హల్వా కిలో, పండ్ల బిస్కెట్ల డబ్బాలు రెండు కొనేది. పెళ్లి బట్టల కోసం వచ్చినా అంతే, ఆసుపత్రికి వచ్చినా అంతే. "పట్నం వెళ్లి ఖాళీ చేతులతో ఎలా తిరిగి వస్తాం బేటా? పిల్లలు గుమ్మంలోనే నిలబడి ఉంటారు" అనేది.

గత అక్టోబరులో ఆ అలవాటుకు మొదటిసారి అడ్డంకి వచ్చింది. తరచూ నీరసంగా ఉంటున్నదని అమ్మీని వైద్యునికి చూపించాము. గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెర స్థాయిని తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.2 అని వచ్చింది. పరగడుపున 118. హెచ్‌బీఏ1సీ 5.7 కంటే తక్కువ ఉంటే నిశ్చింత. 6.5కు చేరితే మధుమేహం. ఈ రెంటి నడుమ ఉన్నవారు మధుమేహానికి ముందు దశలో ఉన్నట్లు. "మీరు గడప మీద నిలబడ్డారు. లోపలికి వెళ్లకుండా వెనక్కి మళ్లవచ్చు. తీపి తగ్గించండి, నడవండి. మూడు నెలల తరువాత మళ్లీ చూద్దాం" అన్నారు వైద్యులు.

గడప లోపల ఏముంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మీ అక్కగారు, మా పెద్ద ఖాలా, మధుమేహాన్ని చాలా ఏళ్లు నిర్లక్ష్యం చేసి చివరికి కుడికాలి వేళ్లు రెండు పోగొట్టుకున్నది. ఆ కాలికి కట్టు కట్టింది అమ్మీయే. ఆసుపత్రి నుండి స్టేషన్‌కు వచ్చే దారి పొడవునా అమ్మీ మాట్లాడలేదు. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాక మాత్రం ఒక ప్రశ్న వేసింది: "నేను చక్కెర మానగలను బేటా. మరి పిల్లల చేతిలో ఏం పెట్టాలి?"

ఆ ప్రశ్నకు మా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. మూడు నెలల తరువాత జనవరిలో మళ్లీ అదే నాంపల్లిలో దిగి, అబిడ్స్ వరకు ఆమెతో కలిసి నడిచిన రోజున అది కొంత దొరికింది. ఆ నడకను, దానికి ముందు మేము చేసిన పొరపాట్లను ఇక్కడ పంచుకుంటున్నాము. ఇది ఒక్క మా ఇంటి గోడు కాదు. భారత వైద్య పరిశోధనా మండలి చేపట్టిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారు. అమ్మీలాగా గడప మీద నిలబడినవారు 13 కోట్లకు పైగా ఉన్నారు.

మేము చేసిన పొరపాట్లు

అక్టోబరులో ఇంటికి చేరిన మరునాడే వంటగదిలోని చక్కెర డబ్బాను పై అరలోకి ఎక్కించాము. దాని స్థానంలో బెల్లం, తేనె, 'షుగర్ ఫ్రీ' అని అట్ట మీద రాసి ఉన్న బిస్కెట్లు తెచ్చాము. తేనె శుభప్రదమైనది కదా, ఇక భయమేముందని అనుకున్నాము. అమ్మీ టీలో బెల్లం వేసుకుంది, రొట్టె మీద తేనె రాసుకుంది, మధ్యాహ్నం ఆ బిస్కెట్లు నాలుగు తిన్నది. నెల తిరిగాక పరగడుపు పరీక్ష చేయిస్తే సంఖ్య దాదాపు అక్కడే ఉంది.

అప్పుడు ఒక పోషకాహార నిపుణురాలు మాకు విషయం విడమరచి చెప్పింది. బెల్లంలో కాస్త ఇనుము, ఇతర ఖనిజాలు ఉంటే ఉండవచ్చు గానీ, అందులో అత్యధిక భాగం చక్కెరే. రక్తంలోకి చేరాక బెల్లమా, పంచదారా అన్న తేడాను శరీరం పాటించదు. తేనె కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో తేనెను, పండ్ల రసాన్ని కూడా చక్కెర లెక్కలోనే కట్టింది. రోజు మొత్తం తినే ఆహార శక్తిలో ఇటువంటి చక్కెర పదో వంతుకు మించరాదనీ, ఇరవయ్యో వంతుకు, అంటే సుమారు 25 గ్రాములకు, ఆరు చెంచాలకు తగ్గిస్తే ఇంకా మేలనీ ఆ సంస్థ చెప్పింది. మన హైదరాబాదులోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చక్కెర వాడకాన్ని తగ్గించుకొమ్మని కోరింది.

ఇక 'షుగర్ ఫ్రీ' బిస్కెట్ల సంగతి. చక్కెర లేకపోయినా వాటిలో మైదా ఉంది, కొవ్వు ఉంది. మైదా కడుపులో చేరాక చక్కెరగానే మారుతుంది. చక్కెరకు బదులు వాడే కృత్రిమ తీపి పదార్థాల విషయంలోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక హెచ్చరిక చేసింది. బరువు తగ్గడానికని వాటిని ఆశ్రయించవద్దని అన్నది. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదు. వారు తమ వైద్యుని మాట వినాలి.

"మీ అమ్మగారికి కావలసింది చక్కెరకు మారుపేరు కాదు, నాలుకకు కొత్త అలవాటు" అని ఆమె ముగించింది. రోజుకు ఎన్నిసార్లు టీ తాగుతారని అడిగింది. నాలుగుసార్లు, ఒక్కోసారి రెండేసి చెంచాల తీపి. మిఠాయి ముట్టకముందే ఎనిమిది చెంచాలు, అంటే 30 గ్రాముల పైమాటే! మేము హల్వా డబ్బాను దోషిగా నిలబెట్టి, రోజూ కళ్ల ముందున్న టీ కప్పును విడిచిపెట్టామన్నమాట. ఆ వారం నుండి కప్పుకు చెంచాలో నాలుగో వంతు చొప్పున తగ్గిస్తూ వచ్చాము. ఆరు వారాలకు అమ్మీ అర చెంచా దగ్గర ఆగింది. ఇప్పుడు పాత టీ ఇస్తే "ఇదేమిటి, పాయసమా?" అంటుంది.

బాగ్-ఎ-ఆమ్‌లో ఉదయం

జనవరిలో అర్ధరాత్రి దాటాక ఖమ్మంలో రైలెక్కి తెల్లవారుతుండగా నాంపల్లిలో దిగాము. 1907లో ఏర్పడిన స్టేషన్ ఇది. రైల్వే వారి పుస్తకాల్లో హైదరాబాద్ దక్కన్ అని ఉన్నా జనం నోట ఎప్పుడూ నాంపల్లే. ఫజ్ర్ నమాజు ముగించుకొని, అమ్మీ పరగడుపు రక్తం ఇచ్చాక, వెంట తెచ్చుకున్న జొన్నరొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాము. నివేదిక సాయంత్రం నాలుగు గంటలకు ఇస్తామన్నారు. ఆ లోపు చేయవలసింది నడవడమే.

మొదట పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లాము. పాతవారు దీన్ని బాగ్-ఎ-ఆమ్ అంటారు. ఒకవైపు శాసనసభ భవనం, లోపల జూబిలీ హాలు, పురావస్తు ప్రదర్శనశాల, షాహీ మసీదు. చలికాలపు ఎండ చెట్ల నడుమ నుండి దారి మీద పడుతున్నది. మసీదు నుండి బయటికి వచ్చిన పెద్దలు కొందరు, బురఖాలకు తోడు కాళ్లకు బూట్లు తొడుక్కున్న సోదరీమణులు కొందరు చకచకా నడుస్తున్నారు. అమ్మీ ఒక సోదరిని పలకరించింది. ఆమె ఈ తోటలో తొమ్మిదేళ్లుగా నడుస్తున్నదట. "మొదట్లో సిగ్గేసేది ఆపా. ఇప్పుడు నడవకపోతేనే ఏదో మరచినట్లుంటుంది" అని చెప్పి ముందుకు సాగిపోయింది.

నడకకూ తీపి కోరికకూ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు నడిస్తే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను తమ అవసరానికి లాక్కుంటాయి. చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఎగబాకినది ఒక్కసారిగా పడిపోదు. తిన్న రెండు గంటలకే మళ్లీ ఏదైనా తీయగా కావాలన్న ఆరాటం చాలావరకు ఆ ఎగుడుదిగుళ్ల వల్ల కలిగేదే. నిద్ర చాలకపోయినా, అలసిపోయినా ఆ ఆరాటం పెరుగుతుంది. అమ్మీకి తీపి గుర్తుకు వచ్చే వేళలను మేము ఒక కాగితం మీద రాసుకున్నాము. దాదాపు ప్రతిసారీ సాయంత్రం అసర్ వేళకు ముందే! ఇంటిపని తెమిలి, ఒంటరిగా కూర్చునే సమయమది. ఆ వేళకు గుప్పెడు వేయించిన శనగలు, ఒక గ్లాసు నీళ్లు, ఆపై వీధి చివరి వరకు ఒక నడక అలవాటు చేశాము. సగం రోజులు కోరిక అక్కడే అణగిపోయేది.

బండి మీది జామకాయలు

తోట నుండి తిరిగి నాంపల్లి వైపు వచ్చే దారిలో జామకాయల బండి కనిపించింది. జనవరి జామకు మంచి అదను. అమ్మీ దోరవి ఏరి, ఉప్పుకారం వద్దని చెప్పి, ఒకటి కోయించింది. వంద గ్రాముల జామలో ఉండే చక్కెర సుమారు 9 గ్రాములు మాత్రమే. పీచు 5 గ్రాములు. సి విటమిన్ 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, నారింజ కంటే ఎన్నో రెట్లు. ఆ పీచే పండుకు కాపలాదారు. చక్కెరను రక్తంలోకి తొందరపడి పోనివ్వదు, కడుపు నిండిన భావన కలిగిస్తుంది, నమలడానికి సమయం తీసుకుంటుంది.

అదే పండును పిండి రసం చేస్తే కాపలాదారును బయట పారేసి చక్కెరను తాగినట్లే. కొద్ది అడుగుల అవతలే చెరకు రసం బండి గజ్జెలు మోగిస్తున్నది. చెరకు రసంలో నూటికి పన్నెండు పాళ్లకు తగ్గకుండా చక్కెర ఉంటుంది. మూడు వందల మిల్లీలీటర్ల శీతల పానీయం సీసాలోనూ 30 గ్రాములకు పైగా ఉంటుంది. ఒక్క గ్లాసుతో రోజంతటి కొలత పూర్తవుతుంది. మన ఇళ్లలో పిల్లలకు మిఠాయి వద్దని చెప్పే తల్లులు సైతం రసం గ్లాసు చేతికిచ్చి తృప్తిపడతారు. మేమూ అలాగే చేసేవాళ్లము.

ఏక్ మినార్ మసీదు పరిసరాలు దాటాక ఒక ఇరానీ హోటల్‌లో కాసేపు కూర్చున్నాము. ఇరానీ చాయ్‌లో సాధారణంగా చక్కెర ముందే కలిపి ఉంటుంది. అందువల్ల 'ఫీకీ చాయ్ ఉందా' అని అడిగి తీసుకోవాలి. ఉన్నదన్నారు. పక్కనే పళ్లెంలో ఉస్మానియా బిస్కెట్లు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఆ బిస్కెట్టు కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉండి ఒకటితో ఆగనివ్వదు. అమ్మీ ఒకటి తీసుకొని రెండుగా విరిచి, సగం మా చేతిలో పెట్టింది. మునుపు పళ్లెం ఖాళీ అయ్యేది.

హల్వా దుకాణం ముందు

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం మీదుగా మొజంజాహీ మార్కెట్ వైపు మళ్లాము. నుమాయిష్ రోజులవి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఈ మైదానానికి మారిన ఈ ప్రదర్శన ఏటా జనవరి ఒకటి నుండి నెలన్నర పాటు సాగుతుంది. సాయంత్రం కాలేదు గనుక ద్వారాల దగ్గర సందడి లేదు. చిన్నప్పుడు అమ్మీ చేయి పట్టుకొని ఇక్కడ తిరిగిన మాకు, ఇప్పుడు ఆమె చేయి మేము పట్టుకొని దాటిస్తున్నామన్న తలంపు కలిగింది.

మార్కెట్ సమీపిస్తుండగానే నెయ్యి, జాజికాయల వాసన. నిజాం కాలం నుండి నడుస్తున్న హమీదీ మిఠాయి దుకాణం అది. అమ్మీ అడుగులు నెమ్మదించాయి. మేము ఏమీ అనలేదు.

జౌజీ హల్వాలో ఒక విశేషముంది. గోధుమలను మొలకెత్తించి తీసిన సమ్నక్ దానికి ప్రాణం. గింజ మొలకెత్తేటప్పుడు అందులోని ఎంజైములు పిండి పదార్థాన్ని విడగొట్టి చక్కెరగా మారుస్తాయి. బయటి నుండి ఏమీ కలపకుండానే ధాన్యంలోనే తీపి పుడుతుంది. సర్వసృష్టికర్త ఏర్పాటు ఎంత అద్భుతం! అయితే హల్వా తయారీలో దానికి పాలు, నెయ్యి, కుంకుమపువ్వులతో పాటు చక్కెరను కూడా ధారాళంగా చేర్చి గంటల తరబడి కలియబెడతారు. మొలక ఇచ్చిన మెత్తని తీపి ఆ చక్కెర కింద దాగిపోతుంది.

ఆ మెత్తని తీపి మన తెలుగు ఇళ్లలో ఇప్పటికే ఉంది. రాగులను నానబెట్టి, మూటగట్టి, మొలకెత్తాక ఆరబెట్టి, దోరగా వేయించి విసరిన పిండితో కాచే జావలో అదే రుచి. పాలు, యాలకుల పొడి చేరిస్తే పిల్లలు చక్కెర అడగరు. మా ఇంట్లో ఉదయం బిస్కెట్ల స్థానాన్ని ఆ జావ ఆక్రమించింది. అదీ పిండి పదార్థమే గనుక పెద్దలు చిన్న గ్లాసుతో సరిపెట్టుకోవాలి.

దుకాణం ముందు అమ్మీ కొంతసేపు నిలబడి "కిలో కాదు, పావు కిలో ఇవ్వండి" అన్నది. మా ముఖాలు చూసి నవ్వింది. "హలాల్ వస్తువును నా మీద నేను హరామ్ చేసుకోను. ఇంట్లో పదకొండు మందిమి ఉన్నాము. తలా ఒక ముక్క. నాది అందులో అన్నిటికంటే చిన్నది."

కొలత నేర్పిన ధర్మం

ఆమె మాటలో ధర్మముంది. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన మంచి వస్తువులను నిషిద్ధం చేసుకోరాదని మాయిదా సూరా బోధిస్తుంది. తినండి, తాగండి, కాని మితిమీరకండి అన్న భావం ఆరాఫ్ సూరాలో ఉంది. దైవప్రవక్త (స) తీపిని, తేనెను ఇష్టపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. కనుక తీపిని ఇష్టపడటం లోపం కాదు. ఆ మహనీయుని (స) ఇంట్లో రోజుల తరబడి పొయ్యి వెలగక, ఖర్జూరాలు, నీళ్లతోనే గడిచిందని కూడా హదీసులు చెబుతున్నాయి. ఇష్టం ఉన్నది, కొలతా ఉన్నది.

ఆయన (స) తాజా ఖర్జూరాన్ని దోసతో కలిపి తినేవారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. దీన్ని మేము ఎన్నోసార్లు చదివాము గాని పళ్లెంలోకి తెచ్చింది ఈ మూడు నెలల్లోనే. నీరు, చల్లదనం నిండిన దోసకాయతో ఒక ఖర్జూరం తింటే, ఉత్త ఖర్జూరాలు నాలుగు తిన్నంత తృప్తి కలుగుతుంది. ఖర్జూరం శుభప్రదమైనదే అయినా ఎండు ఖర్జూరంలో నూటికి అరవై పాళ్లకు పైగా చక్కెర ఉంటుంది. చిన్న ఖర్జూరం ఒకటి ఒక చెంచా చక్కెరకు దగ్గర. బేసి సంఖ్యలో తినే సున్నత్‌ను ఒకటితోనూ పాటించవచ్చు. శుభం లెక్కలో లేదు, విధేయతలో ఉంది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) బోధ అన్ని వైద్య సలహాలకు మూలం వంటిది.

మొజంజాహీ మార్కెట్ నీడలో

గ్రానైట్ రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజం జా పేరు దానికి పెట్టారు. శిథిలమవుతున్న ఆ కట్టడాన్ని పునరుద్ధరించి 2020 ఆగస్టులో మళ్లీ ప్రజలకు అందించారు. ఎదురుగా కరాచీ బేకరీ. దేశ విభజన తరువాత సింధ్ నుండి తరలివచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో దాన్ని ప్రారంభించారు. మా అమ్మీ పండ్ల బిస్కెట్ల డబ్బాలు కొనేది అక్కడే.

మార్కెట్ ప్రాంగణంలో ఐస్‌క్రీం దుకాణాలకు పేరు. అక్టోబరులో అమ్మీ సీతాఫలం ఐస్‌క్రీం తిన్నది ఇక్కడే, పరీక్షకు ముందురోజు. ఈసారి బల్లమీద కూర్చొని "పండే తింటే పోయేది కదా, దానికి చక్కెర, మీగడ ఎందుకు?" అన్నది. సీతాఫలం కూడా బాగా తియ్యని పండే. అయినా గింజ గింజకూ ఆగి ఆగి తినవలసిన పండు. సగం పండుకే చేయి, నోరు, మనసు మూడూ అలసిపోతాయి.

దగ్గరలోని ఎండు ఫలాల దుకాణంలో అమ్మీ ఖుబానీలు బేరమాడి అర కిలో తీసుకున్నది. హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠా లేకుండా దస్తర్‌ఖాన్ పూర్తి కాదు. విందు వంటవారు దానిలో చక్కెర పాకం పోస్తారు. నిజానికి ఖుబానీకి పాకం అక్కరలేదు. రాత్రి నానబెట్టి, ఉదయం గింజలు తీసి, నానిన నీటితోనే సన్నని సెగ మీద ఉడికిస్తే తనంతట తానే చిక్కబడి, పులుపు కలిసిన తీపితో నిగనిగలాడుతుంది. మీగడకు బదులు గట్టి పెరుగు ఒక చెంచా వేసుకుంటే చాలు. ఎండు ఖుబానీలోనూ సగం వరకు చక్కెరే గనుక మనిషికి మూడు నాలుగు ఖుబానీలకు మించనివ్వము. అమ్మీ దీన్ని డిసెంబరులో మొదటిసారి వండినప్పుడు పిల్లలు "నానీ, ఇందులో చక్కెర వేయడం మరిచిపోయావు" అన్నారు. మూడోసారి వండిన రోజున గిన్నె అడుగున ఏమీ మిగల్లేదు.

అబిడ్స్‌లో మధ్యాహ్నం

మార్కెట్ నుండి జనరల్ పోస్టాఫీసు మీదుగా అబిడ్స్ కూడలికి చేరాము. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్ అనే అర్మేనియా జాతీయుడు ఇక్కడ నడిపిన దుకాణం వల్ల ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. దుకాణం పోయి పేరు మిగిలింది. ఇప్పుడు దారికి రెండువైపులా బట్టలు, చెప్పులు, పుస్తకాలు, అద్దాల వెనుక నేతి మిఠాయిలు. 1948లో కర్నూలులో మొదలైన పుల్లారెడ్డి మిఠాయిలకు అబిడ్స్‌లో ఎప్పటి నుండో స్థానం ఉంది. రంజాను ముంగిట ఉన్న రోజులు గనుక బంధువులకు పంపే పెట్టెలు కట్టించుకునేవారు కనిపించారు.

అద్దంలోకి చూస్తూ అమ్మీ అన్న మాట మాకు గుర్తుండిపోయింది. "మా అమ్మ కాలంలో మిఠాయి ఈదుకు, పెళ్లికి, బిడ్డ పుడితే. మధ్యలో అడిగితే రేగుపళ్లు, జామకాయలు, ఎండాకాలం తాటిముంజలు. మేము పిల్లలను ప్రేమించామనుకొని రోజూ ఈదు చేశాము." తీపి చెడ్డది కావడం వల్ల మనం ఈ స్థితికి రాలేదు. పండుగ నాటి వస్తువును రోజువారీ వస్తువుగా మార్చుకోవడం వల్ల వచ్చాము. రోజూ ఈదు అయితే ఈదు నాటి సంతోషానికి ఏమి మిగులుతుంది?

నాలుగు గంటలకు నివేదిక అందింది. హెచ్‌బీఏ1సీ 5.9. పరగడుపున 104. వైద్యులు రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూశారు. "ఇంకా గడప మీదే ఉన్నారు. కాని ముఖం బయటి వైపు తిరిగింది. మందులు అక్కరలేదు. ఇదే కొనసాగించండి" అన్నారు. రంజాను ఉపవాసాల గురించి అమ్మీ అడిగింది. ఉండవచ్చన్నారు. ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం, మంచినీళ్లు, ఆపై పండు ముక్కలు. షర్బత్ వద్దు. తరావీహ్‌కు నడిచి వెళ్లిరావడం మంచిదన్నారు. ఇది అమ్మీకి చెప్పిన మాట. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడుతున్నవారు రంజానుకు ముందే తమ వైద్యుని సంప్రదించి, మోతాదులు సరిచూసుకొని ఉపవాసం విషయం నిర్ణయించుకోవాలి.

గుమ్మంలో పిల్లలు

తిరుగు రైలులో అమ్మీ సంచి సర్దుకుంటుంటే చూశాము. మూడు కిలోల జామకాయలు, అర కిలో ఖుబానీలు, ఒక ఖర్జూరాల పొట్లం, అన్నిటికంటే అడుగున పావు కిలో హల్వా. మునుపటి సంచి కంటే బరువు ఎక్కువే.

ఇల్లు చేరేసరికి పిల్లలు ఎప్పటిలాగే గుమ్మంలో ఉన్నారు. అమ్మీ జామకాయలు వాళ్ల దోసిళ్లలో పోసి, రాత్రి భోజనాల తరువాత హల్వాను స్వయంగా పదకొండు ముక్కలు చేసింది. చిన్నవాడు తన ముక్కను నోట్లో పెట్టుకొని చాలాసేపు చప్పరించాడు. "నానీ, ఈసారి హల్వా చాలా బాగుంది" అన్నాడు. హల్వా ఎప్పటిదే. మూడు నెలలకు ఒకసారి తినడం వల్ల దాని రుచి వాడికి తెలిసింది.

మరునాడు ఉదయం ఖుబానీలు నానిన గిన్నె పొయ్యి మీద ఉంది. అమ్మీ పెద్ద ఖాలాకు ఫోన్ చేసి, చక్కెర లేకుండా ఎలా వండాలో చెబుతున్నది, ఎన్ని తినాలో కూడా. అవతలి నుండి ఏమి వినిపించిందో తెలియదు గాని, అమ్మీ కళ్లు తుడుచుకొని "అల్హమ్దులిల్లాహ్ అక్కా, ఇంకా ఆలస్యం కాలేదు" అన్నది.

అనుగ్రహాలన్నిటి గురించి ఒకరోజు ప్రశ్నించబడతామన్నది మన విశ్వాసం. ఆరోగ్యం ఆ అనుగ్రహాలలో ఒకటి, నాలుకకు తెలిసే తీపి మరొకటి. ఒకదాని కోసం మరొకదాన్ని పాడు చేసుకోకుండా, రెంటినీ కొలతతో అనుభవించే సద్బుద్ధిని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.